పడుకుంటే చాలు, గుండె గతుక్కుమంటోంది

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నాకు 36 ఏళ్లు. పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. పెళ్లయి ఒడిశాలోని గుణుపురం వచ్చాను. ఇంట్లోనే బట్టలు కుడతాను. మా ఆయన విశాఖపట్నంలో పని చేస్తారు, నెలకోసారి వస్తారు. నాలుగు నెలలుగా రాత్రి పడుకోగానే, ముఖ్యంగా ఎడమ పక్కకు తిరిగితే, గుండె ఒక్కసారి ఆగినట్టయి ఆ తర్వాత గట్టిగా కొట్టుకుంటోంది. పగలు పనిలో ఉంటే ఏమీ తెలియదు. ఒక డాక్టరుకు చూపించాను. నాకు ఒడియా బజారు వరకే వచ్చు. ‘ఛాతి ధడధడ’ అని మాత్రం చెప్పగలిగాను. ఈసీజీ తీసి నార్మల్ అన్నారు, టెన్షన్ తగ్గించుకోమన్నారు. మందుల షాపులో నిద్రకని ఒక చిన్న బిళ్ల ఇచ్చారు, రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నాను. రోజుకు ఐదారు టీలు తాగుతాను. గుడాకు తప్ప వేరే అలవాటేమీ లేదు. లక్ష్మివారం ఉపవాసం ఉన్న రోజు దడ మరీ ఎక్కువ. నెలసరి ఏడు రోజులుంటుంది, ఎక్కువగా అవుతుంది. బియ్యం ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకుంటానని మా అత్తగారు తిడతారు. ఆవిడకూ దడ ఉంది, గుడి మెట్లెక్కితే ఆయాసం. ‘వయసొస్తే అందరికీ ఉండేదే’ అంటారు. మా పెదనాన్న 58 ఏళ్లకు నిద్రలోనే పోయారు. పిల్లలు చిన్నవాళ్లు. నాది గుండె జబ్బేనా?
(పేరు వద్దన్నారు, గుణుపురం)

జవాబు:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి గుండె గురించి రాసిన నాలుగు వాక్యాలు చూశాను. రెండోసారి టీ, గుడాకు, బియ్యం, లక్ష్మివారం, అత్తగారు అంటూ మీరు మాటవరసకు రాసినవి చూశాను. నాకు కావలసింది చాలావరకు ఆ మాటవరసకు రాసినవాటిలోనే దొరికింది.

ఈ రాత్రికి నిద్ర పట్టడానికి పనికొచ్చే మాట ముందు చెబుతాను. మీరు రాసిన తీరును బట్టి ఇది చాలావరకు గుండె కొట్టే ‘అదనపు దెబ్బ’. డాక్టర్లు ఎక్టోపిక్ అంటారు. ఏ గుండె జబ్బూ లేనివాళ్లకు కూడా వస్తుంది, మామూలుగా ప్రాణం మీదికి తేదు. అలాగని ఉత్తరం చూసి ఎవరి గుండెకూ సర్టిఫికెట్ ఇవ్వలేను. రెండు మూడు పరీక్షలు మిగిలి ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి మీ ఊళ్లోనే అయిపోతాయి.

మన భాషలో ఒక చిక్కుంది. గుండె కొట్టుకోవడమూ దడే, భయమూ దడే. ‘పామును చూసి దడ పుట్టింది’ అంటాం, ‘మెట్లెక్కితే దడ వస్తోంది’ అనీ అంటాం. మీరు చెప్పిన ‘ఛాతి ధడధడ’ కూడా అలాంటిదే. డాక్టరు ముందు కూర్చుని ఆ ఒక్క మాట అని ఊరుకుంటే, ఆయనకు అందులో సగం భయమే వినిపిస్తుంది. బయట ఇరవైమంది కూర్చుని ఉంటారు. టెన్షన్ అని రాసిచ్చేస్తారు. నేనూ అలా రాసిచ్చినవాణ్ణే, ఆ సంగతి కాసేపట్లో చెబుతాను.

అదే తెలుగులో గుండెకు ఇంకా ఎన్ని మాటలున్నాయో చూడండి. గతుక్కుమంది, గుభేలుమంది, ఝల్లుమంది, దడదడలాడింది. అన్నింటినీ భయానికే వాడేస్తాం గానీ, చెవి పెట్టి వింటే ఒక్కో మాటది ఒక్కో నడక. డాక్టరుకు కావలసింది ఆ నడకే. దాన్ని చెప్పడానికి ఒడియా రానక్కర్లేదు, తెలుగూ అక్కర్లేదు. వేలితో బల్ల మీద కొట్టి చూపించండి. నా దగ్గరికి దడ అని వచ్చే ప్రతి మనిషినీ నేను మొదట అడిగేది ఇదే: ‘మీ గుండె ఎలా కొట్టుకుంటోందో ఈ బల్ల మీద కొట్టండి.’ సిగ్గుపడతారు, నవ్వుతారు, తర్వాత కొడతారు. సవరలు, కంధులు, ఒడియావాళ్లు, మనవాళ్లు, అందరి వేళ్లూ ఒకే భాష మాట్లాడతాయి.

మీరు రాసినదాన్ని నేను బల్ల మీద కొట్టి చూశాను. టక్, టక్, టక్, టక్‌టక్... కాస్త ఖాళీ... ఠక్! తర్వాత మళ్లీ మామూలే. ఇదేనా? అయితే గుండె ఆగలేదన్నమాట. ఒక దెబ్బ తొందరపడి ముందే కొట్టేసింది, అంతే.

మీ వీధిలో బోరింగు ఉండే ఉంటుంది. హ్యాండిల్ నింపాదిగా కొడుతుంటే ప్రతి దెబ్బకూ ఒకేలా నీళ్లు పడతాయి. మధ్యలో ఒకసారి తొందరపడి, లోపలికి నీరు ఎక్కకముందే కొట్టారనుకోండి. హ్యాండిల్ కదులుతుంది గానీ బిందెలో పడేది చెంచాడు నీళ్లే. ఒక్క క్షణం ఆగి మళ్లీ కొడితే అప్పుడు ధారగా వచ్చి పడతాయి. గుండె కూడా నిండకముందే ముడుచుకుంటే ఆ దెబ్బ బలంగా ఉండదు, మీకు తెలియను కూడా తెలియదు. దాని వెనక వచ్చే చిన్న ఖాళీనే మీరు ‘ఆగిపోయింది’ అనుకుంటున్నారు. ఆ ఖాళీలో గుండె మామూలుకంటే ఎక్కువ నిండుతుంది, కాబట్టి తర్వాతి దెబ్బ ఛాతీలోంచి గుద్దినట్టు తగులుతుంది. అంటే మిమ్మల్ని భయపెడుతున్న ఆ ‘ఠక్’ గుండె సక్రమంగా కొట్టిన దెబ్బే.

మరి పడుకుంటేనే ఎందుకు? పగలు మిషను తొక్కుతూ ఉంటే గుండె వేగంగా నడుస్తుంది. అసలు దెబ్బలే దగ్గర దగ్గరగా పడుతుంటే అదనపు దెబ్బకు సందు దొరకదు. పడుకున్నాక వేగం తగ్గుతుంది, సందు దొరుకుతుంది. ఎడమ పక్కకు తిరిగితే గుండె మొన ఛాతీ గోడకు దగ్గరగా వచ్చి తగులుతుంది. పైగా ఇల్లంతా నిశ్శబ్దం. నా చిన్నప్పుడు నౌపడా నుంచి గుణుపురానికి చిన్న రైలు నడిచేది. పగలు దాని చప్పుడు ఎవరికీ పట్టేది కాదు. రాత్రి వేళ దూరంగా కూత వేసినా ఊరంతటికీ వినపడేది. మీ గుండెదీ అదే తీరు. కుడి పక్కకు తిరిగి పడుకోండి, చాలా తేడా ఉంటుంది. ఎడమ పక్కన పడుకున్నంత మాత్రాన గుండెకు చెరుపేమీ లేదు.

ఇంకో విషయం, పనిలో పడితే పోయే దడ చాలావరకు మంచి దడే. పని చేస్తుంటే, పరుగెత్తితే, బరువెత్తితే మొదలయ్యే దడను మాత్రం నేను తేలిగ్గా తీసుకోను.

ఈ అదనపు దెబ్బలు నాకూ వచ్చాయి. బరంపురంలో హౌస్ సర్జన్‌గా వరసగా రాత్రి డ్యూటీలు, టీ మీద టీ, సరైన తిండి లేదు. ఒక రాత్రి మూడు గంటలకు డ్యూటీ గదిలో పడుకుంటే గతుక్కు... ఠక్. వార్డులోకి వెళ్లి ఎవరూ చూడకుండా నా ఈసీజీ నేనే తీసుకున్నాను. నార్మల్! మళ్లీ పడుకోగానే మళ్లీ ఠక్. పుస్తకంలో ఉన్నదంతా తెలిసి కూడా తెల్లవారేదాకా కళ్లు మూయలేదు. అందుకే ‘భయపడకండి’ అని ఎవరికీ ఊరికే చెప్పను. భయం పడ్డవాడికి ఆ మాట పనిచేయదని తెలుసు.

ఈసీజీ సంగతి కూడా చెప్పాలి. మామూలుగా తీసే ఈసీజీ పట్టీ మీద పడేది పది సెకన్ల గుండె. రోజుకు 86,400 సెకన్లు. గుండె రోజుకు కొట్టేది దగ్గర దగ్గర లక్షసార్లు. మీరు పగలు పదకొండు గంటలకు వెళ్లి తీయించుకున్న పది సెకన్లలో రాత్రి పదకొండుకు వచ్చేది కనిపించకపోవడంలో వింతేమీ లేదు. అలాగని ఆ ఈసీజీ వృథా కాదు. గుండెకు పాత గాయం ఏదైనా ఉందా, గుండెలో కరెంటు నడిచే దారులు సరిగా ఉన్నాయా అన్నది అందులో తెలుస్తుంది. కాగితం దాచుకోండి. అవసరమైతే హోల్టర్ అని ఒకటుంది, చిన్న యంత్రాన్ని ఒంటికి తగిలించి ఇంటికి పంపుతారు, 24 గంటలూ రాసుకుంటుంది. మీకు రోజూ వస్తోంది కాబట్టి ఒక్క రోజులోనే దొరికిపోతుంది. దానికి బరంపురమో విశాఖపట్నమో వెళ్లాల్సి రావచ్చు. ముందు కింద చెప్పే చవక పరీక్షలు కానివ్వండి. హోల్టర్‌లో అదనపు దెబ్బలు కొన్ని వందలు కనిపించినా కంగారు పడనక్కర్లేదు. మొత్తం దెబ్బల్లో పదో వంతు దాటితే అప్పుడు ఎకో, అంటే గుండెకు చేసే స్కానింగ్, తీసి, గుండె బలం తగ్గకుండా కనిపెట్టి చూడాలి.

ఇప్పుడు నా తప్పు సంగతి. పర్లాకిమిడిలో కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజుల్లో ప్లస్‌టూ చదివే ఒక అమ్మాయిని వాళ్ల నానమ్మ తీసుకొచ్చింది. దడ అంది. పరీక్షల కాలం. టెన్షన్ అన్నాను. నెల తర్వాత మళ్లీ వచ్చారు, మళ్లీ అదే అన్నాను. ఆ రోజు లేచి వెళ్తూ నానమ్మ ఒక మాట అంది: ‘అది స్విచ్చి వేసినట్టు వస్తది బాబూ, స్విచ్చి తీసినట్టు పోతది. పోగానే పిల్ల బాత్రూముకు పరిగెడతది.’ నేను విని నవ్వేశాను. మూడోసారి ఆ అమ్మాయిని దడ ఉండగానే ఆటోలో తీసుకొచ్చారు. నాడి పట్టుకుంటే లెక్కకు అందలేదు. ఈసీజీలో నిమిషానికి 190. అది టెన్షన్ కాదు, గుండె పై గదుల దగ్గర కరెంటు ఒక చోట చుట్టూ తిరుగుతూ ఉండిపోవడం. ఎస్‌వీటీ అంటారు. ఉన్నట్టుండి మొదలై ఉన్నట్టుండి ఆగడం, మెడలో కొట్టుకోవడం, తగ్గాక ఎక్కువగా మూత్రం రావడం, ఇవన్నీ దాని గుర్తులే. నానమ్మ చదువుకోలేదు గానీ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. విశాఖపట్నంలో ఆ దారిని సన్నని తీగతో కాల్చి మూసేశారు. ఈ చికిత్సతో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నయమవుతుంది. ఆ అమ్మాయికీ అయింది. అప్పటినుంచి నా టేబుల్ మీద కాగితాలు కాస్త పక్కకు జరిపి, వేలితో కొట్టడానికి జానెడు జాగా ఖాళీగా ఉంచుతున్నాను.

మీది అలాంటిది కాదని మీ ఉత్తరమే చెబుతోంది. ఒకటి రెండు దెబ్బలు తడబడి సర్దుకోవడం వేరు, ఇరవై నిమిషాలు ఏకధాటిగా పరిగెత్తడం వేరు.

ఇక ఆ మాటవరసకు రాసినవి.

బియ్యం గురించి రాసినందుకు మీకు దండం పెట్టాలి. పచ్చి బియ్యం, మట్టి, సుద్ద, ఐసుముక్కలు తినాలనిపించడం చాలామందిలో ఒంట్లో ఇనుము తగ్గిందనడానికి గుర్తు. దానికి ఏడు రోజుల నెలసరి తోడైంది. రోజుకు ఐదారు టీలు తోడయ్యాయి. భోజనంతో పాటు, భోజనం అవ్వగానే తాగే టీ తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. రక్తం పలచబడితే అదే పని చేయడానికి గుండె ఎక్కువ కొట్టాలి. మీ దడకు మూలం ఇక్కడ ఉందని నా గట్టి అనుమానం. మీరొక్కరే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఒడిశాలో 64 శాతం. అంటే మీ వీధిలో ముగ్గురు ఆడవాళ్లు నిలబడితే ఇద్దరికి. ఎవరూ దాన్ని జబ్బు అనుకోరు, ‘నీరసం’ అని ఒక సెలైన్ ఎక్కించుకుని వచ్చేస్తారు. సెలైన్‌లో ఉన్నది ఉప్పునీళ్లు. ఇనుము లేదు.

కాబట్టి మొదటి పరీక్ష హిమోగ్లోబిన్. మీ వయసు ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత, 8 కంటే తక్కువైతే గట్టిదే. వీలుంటే ఫెర్రిటిన్ కూడా చేయించండి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో తెలుస్తుంది. మన ప్రాంతంలో సికిల్ సెల్, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే పుట్టు జబ్బు, కూడా కనిపిస్తుంది కాబట్టి ఆ పరీక్ష ఒక్కసారి చేయించుకుంటే మంచిది, రక్తం తక్కువ కావడానికి కారణం అన్నిసార్లూ ఇనుమే కానక్కర్లేదు. మాత్రలు మొదలుపెడితే నిమ్మరసంతో వేసుకోండి. టీకీ మాత్రకూ, టీకీ భోజనానికీ మధ్య కనీసం గంట ఎడం ఉంచండి. హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి. చాలామంది నీరసం తగ్గగానే మానేసి ఏడాదిలో మళ్లీ మొదటికొస్తారు. తోటకూర, ఉలవలు, చోడి అంబలి, చేపలు, తినేవాళ్లయితే కార్జం, ఇవన్నీ మంచివే, కానీ తగ్గిపోయిన నిల్వను తిండితోనే పూడ్చడం కష్టం. నెలసరి సంగతి ఆడ డాక్టరుకు చూపించి స్కానింగ్ చేయించండి. కుండకు చిల్లు అలాగే ఉంచి నీళ్లు పోస్తూ ఉంటే లాభం లేదు.

రెండో పరీక్ష థైరాయిడ్, అంటే టీఎస్‌హెచ్. సూదిలో దారం ఎక్కించేటప్పుడు చేతులు వణుకుతున్నాయా? తింటున్నా బరువు తగ్గుతున్నారా? అందరూ దుప్పటి కప్పుకుంటే మీకొక్కరికే ఉక్కగా ఉంటోందా? ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. లేకపోయినా పరీక్ష చేయించండి, నెలసరి ఎక్కువ కావడానికి కూడా థైరాయిడ్ ఒక కారణం.

గుడాకు గురించి మీరు ‘తప్ప వేరే అలవాటేమీ లేదు’ అని రాశారు. మన వైపు ఆడవాళ్లందరూ ఇలాగే చెబుతారు. గుడాకును ఎవరూ పొగాకు లెక్కలో వేయరు, పళ్లపొడి లెక్కలో వేస్తారు. అది పొగాకే. వేలితో పళ్ల చిగుళ్లకు రాసి కాసేపు ఉంచితే నికోటిన్ నోటి లోపలి పొర గుండా నేరుగా రక్తంలోకి వెళ్తుంది, కొద్ది నిమిషాల్లో గుండె వేగం పెరుగుతుంది. రాత్రి భోజనం అయ్యాక, పడుకోబోయే ముందు కూడా పెట్టుకుంటున్నారా? మీరు రాయలేదు, నేను ఊహిస్తున్నాను. పెట్టుకుంటుంటే ముందు ఆ రాత్రి వంతు మానేయండి. తర్వాత పగటివి ఒక్కొక్కటే తగ్గించండి. నోటి క్యాన్సర్ సంగతి ఇక్కడ ఎత్తను, అది ఇంకో ఉత్తరానికి సరిపడా ఉంది.

టీ విషయంలో నాకు పట్టుదల లేదు. కొందరికి ఆరు టీలు తాగినా ఏమీ కాదు, కొందరికి సాయంత్రం ఒక్కటి తాగినా రాత్రి దడే. రెండు వారాలు సాయంత్రం నాలుగు దాటాక మానేసి చూడండి. మీకే తెలుస్తుంది. లక్ష్మివారం నాడు మాత్రం మీరు చేస్తున్నది నాకు ఇక్కడి నుంచే కనిపిస్తోంది: అన్నం ఉండదు, నీళ్లు గుర్తుండవు, టీ మాత్రం నాలుగుసార్లు పడుతుంది. ఖాళీ కడుపు, ఎండిన ఒళ్లు, పైన టీ. దడ రాకేం చేస్తుంది? ఉపవాసం ఉండండి, నేను వద్దనను. నీళ్లు, కొబ్బరినీళ్లు, పళ్లు తీసుకోండి. మార్గశిరం వస్తే నాలుగైదు లక్ష్మివారాలు వరసగా వస్తాయి, అప్పటిదాకా ఆగకుండా ఇప్పుడే అలవాటు మార్చుకోండి.

ఆ చిన్న బిళ్ల నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతోంది. అట్ట మీద పేరు చూడండి. అల్ప్రాజోలమ్ అనో క్లోనాజెపామ్ అనో ఉంటే, అది డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందు. కొన్ని వారాలకే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. ఒక రాత్రి వేసుకోకపోతే గుండె దడ, చెమటలు, నిద్ర లేకపోవడం. ‘చూశావా, బిళ్ల లేకపోతే దడ వస్తోంది’ అనుకుని మళ్లీ వేసుకుంటారు. దడకు వేసుకున్న మందే దడ తెస్తుందన్నమాట. నా ఉత్తరం చదివి ఈ రాత్రే మానేయకండి, ఒక్కసారిగా ఆపడం ప్రమాదం. డాక్టరుకు చూపించి కొన్ని వారాల్లో కొంచెం కొంచెంగా తగ్గించుకోవాలి. అలాగే ఆయాసానికి పీల్చే మందులు, డెరిఫిలిన్ లాంటి మాత్రలు, జలుబు మాత్రలు, ఎక్కువ మోతాదులో థైరాయిడ్ మాత్రలు కూడా గుండెను పరిగెత్తిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందుల అట్టలన్నీ ఒక సంచీలో వేసుకుని వెళ్లండి. పక్కింటివాళ్లకు దడ తగ్గిందని గుండె వేగం తగ్గించే వాళ్ల ప్రొప్రనలాల్ మాత్ర అడిగి వేసుకోకండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

టెన్షన్ లేదని అనడం లేదు. ఆయన దూరంగా ఉన్నారు, పెదనాన్న గారు నిద్రలో పోయారు, పిల్లలు చిన్నవాళ్లు. ఒక దెబ్బ తడబడగానే ‘అయ్యో’ అనుకుంటారు, ఆ ‘అయ్యో’కు ఒంట్లో అడ్రినలిన్ విడుదలవుతుంది, దానికి గుండె ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా కొడుతుంది. అప్పుడు మొదటి దడ మీద రెండో దడ ఎక్కి కూర్చుంటుంది. ఈ రెండింటినీ విడదీయాలంటే చేతికి ఒక పని పెట్టాలి. దడ రాగానే లేచి కూర్చుని, నాలుగు గుక్కలు నీళ్లు తాగి, నాడి లెక్కపెట్టండి. బొటనవేలి వైపు మణికట్టు దగ్గర చూపుడు వేలు, మధ్య వేలు ఆనించండి. బొటనవేలితో చూడకండి, దాని నాడే దానికి తగులుతుంది. గడియారం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. ఊరికే కూర్చున్నప్పుడు 60 నుంచి 100 దాకా మామూలే. శ్వాస నెమ్మదిగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి.

కరోనా కాలంలో కొన్న ఆక్సీమీటర్ అల్మారాలో ఎక్కడో పడి ఉంటుంది. బ్యాటరీలు వేసి వేలికి పెట్టండి, నాడి కూడా చూపిస్తుంది. ఒక్క జాగ్రత్త: బలం లేని అదనపు దెబ్బ వేలి దాకా రాదు కాబట్టి, అవి ఎక్కువగా పడుతుంటే అది 72కు బదులు 45 అనో 40 అనో చూపించి మిమ్మల్ని హడలగొట్టవచ్చు. బీపీ మిషను, చేతి వాచీ కూడా ఇలాగే పొరబడతాయి. అలాంటప్పుడు ఛాతీ మీద చెయ్యి వేసుకుని లెక్కపెట్టుకోండి. వీలైతే ఆ ఆక్సీమీటర్‌ను ఫోనుతో ఒక నిమిషం వీడియో తీయండి. పిల్లల నోటుబుక్కులో ఒక పేజీ తీసుకుని తేదీ, టైము, అప్పుడేం చేస్తున్నారు, ఎన్ని నిమిషాలుంది, నాడి ఎంత, ఇవి రెండు వారాలు రాయండి. ఆ పేజీ, ఆ వీడియో, పాత ఈసీజీ, బల్ల మీద మీ వేలు. ఒడియా డాక్టరు ముందు ఇవి చాలు. కావాలంటే మీ ఊరి ఆశా కార్యకర్తను, అదే ఆశా దిదిని, తోడు తీసుకెళ్లండి.

ఆగకుండా వెంటనే వెళ్లాల్సినవి కూడా చెప్పాలి. దడతో పాటు స్పృహ తప్పినా, పడిపోబోయినట్టు కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి లేదా బరువు వచ్చి చేతికో దవడకో పాకినా, ఊపిరి ఆడకపోయినా, ఊరికే కూర్చున్నా నాడి 120 దాటి పావుగంటకూ దిగకపోయినా, మూతి వంకర పోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ అదే నంబరు. ఛాతీ బరువును గ్యాస్ అనుకుని సోడా తాగి కూర్చోవడం మన సరిహద్దుకు రెండు వైపులా ఉన్న అలవాటు, దానివల్ల పోయినవాళ్లను నేను చూశాను. పెదనాన్న గారి సంగతికొస్తే, 58 ఏళ్ల మనిషికి షుగరో బీపీయో చుట్టో ఉండి ఉంటే అది గుండె రక్తనాళాల జబ్బు అయి ఉండవచ్చు. మీ అదనపు దెబ్బకూ దానికీ చుట్టరికం లేదు. మీ రక్తసంబంధీకుల్లో 40 ఏళ్ల లోపు ఎవరైనా ఉన్నట్టుండి పోయి ఉంటే మాత్రం డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇక మీ అత్తగారు. మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే ఎక్కువ ఆందోళన కలిగించింది ఆవిడ గురించి రాసిన ఆ రెండు వాక్యాలే. వయసు మీద పడ్డ మనిషి, మెట్లెక్కితే ఆయాసం, దడ. వయసొస్తే అందరికీ ఉండేది కాదది. ఈ రాత్రి మీ నాడి చూసుకోవడానికి ముందు ఆవిడ చెయ్యి పట్టుకోండి. దెబ్బ దెబ్బకూ మధ్య ఎడం ఒకేలా ఉందా, లేక ఏ తాళానికీ అందకుండా ఒకసారి దగ్గరగా, ఒకసారి దూరంగా, ఒకసారి బలంగా, ఒకసారి నీరసంగా పడుతోందా? రెండో రకమైతే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. గుండె పై గదులు ముడుచుకోకుండా వణుకుతూ ఉంటాయి, అక్కడ నిలిచిన రక్తం గడ్డకట్టి మెదడుకు వెళ్తే పక్షవాతం. ఆ ముప్పు మామూలువాళ్లకంటే దాదాపు ఐదు రెట్లు. గడ్డ కట్టకుండా మందులున్నాయి, సమయానికి మొదలుపెడితే పక్షవాతం చాలావరకు తప్పుతుంది. చిన్నప్పుడు జ్వరంతో కీళ్లు వాచాయేమో అడగండి, అలా వాచి ఉంటే గుండె కవాటం చెడి ఉండవచ్చు, ఎకో తీయించాలి.

ఆవిడ రానంటారు, నాకు తెలుసు. ‘నాకు తోడు రండి’ అని చెప్పి తీసుకెళ్లండి. ఒకే ఆటోలో ఇద్దరూ వెళ్లి, ముందు ఆవిడ ఈసీజీ తీయించండి, తర్వాత మీ రక్తం ఇవ్వండి. రిపోర్టులు వచ్చాక ఇద్దరివీ నాకు రాయండి.